ఆపద చెయ్యి

కేదార్‌ను నేను క్షమించలేదు. చివరికి వచ్చేసరికి నా మనసు కరుగుతుందేమోనని ఎదురుచూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా నాన్న నూకరాజు తుని దగ్గర పశువుల సంతలో నలభై ఏళ్లు బేరగాడు. అంటే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కూర్చుని ధర కుదిర్చే మనిషి. అక్కడ బేరం నోటితో ఆడరు. చేతుల మీద తుండు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ఆడతారు. ఒక వేలు పడితే ఒకటి, నాలుగు పడితే నాలుగు, చెయ్యంతా పడితే ఐదు. వేలా, పదివేలా అన్నది మాత్రం ముందుగా పైకి చెప్పుకుంటారు. చుట్టూ వందమంది నిలబడినా ధర ఎంతో ఆ ఇద్దరికే తెలుస్తుంది. మా నాన్నకు ఇంకొకటి కూడా తెలిసేది. అవతలివాడు ఏ ధర దగ్గర లొంగుతాడో, వాడి నోటికంటే ముందు వాడి వేలే ఆయనకు చెప్పేసేది.

నేను చదువుకుని కాకినాడలో 'మారుబేరం' అనే కంపెనీలో చేరాను. జనం పాత సామాను ఆన్‌లైన్లో అమ్ముకునే చోటు అది. ఫొటో పెట్టడం, కింద పదిమంది "లాస్ట్ ఎంత?" అని అడగడం, పదివేలన్న ఫ్రిజ్‌ను మూడువేలకు అడిగి, సరే రండి అనగానే ఫోనెత్తడం మానేయడం. ఆ చోద్యమంతా మీకు తెలిసిందే. కంపెనీ యజమాని కేదార్ ఒకరోజు మీటింగ్‌లో, "అమ్మేవాడి మనసులో ఉన్న ఆఖరి ధర కొనేవాడికి తెలిసిపోతే ఈ తతంగమంతా రెండు నిమిషాల్లో తేలిపోతుంది కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వకుండా మా నాన్న గురించి చెప్పాను. నోరు మూసుకుని ఉండాల్సింది.

పదకొండు నెలలు పట్టింది. మా నాన్న వేళ్లకు సన్నటి తీగలు కుట్టిన తొడుగులు వేసి, వారం వారం సంతకు తీసుకెళ్లాం. బేరం నడుస్తున్నంతసేపూ అవతలివాడి వేలి బిగువు, వెచ్చదనం, చెమట, నాడి కొట్టుకునే తీరు అన్నీ నా కంప్యూటర్‌లో గీతలుగా పడేవి. కొన్నాళ్లకు ఆ గీత చూసి లొంగే ధర చెప్పడం యంత్రానికి పట్టుబడింది. తర్వాత తొడుగులతో కూడా పని లేకపోయింది. ఫోను వెనక కెమెరా పక్కన లైటు ఉంటుంది కదా, దాని మీద బొటనవేలు ఆనిస్తే చాలు, వేల్లో నెత్తురు కదలిక కెమెరాకు కనబడుతుంది. మా నాన్న నలభై ఏళ్లు నేర్చుకున్నది ఒక బొటనవేలంత చోటులో ఇమిడిపోయింది.

ఆ రోజుల్లోనే ఒకసారి సంతకు కేదార్ కూడా వచ్చాడు. ఒక రైతు గేదెను అమ్ముతున్నాడు. బేరం మంచి ఊపు మీద ఉండగా నాన్న చటుక్కున వేళ్లు వదిలేసి తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏమైంది నూకరాజుగారూ? కుదిరేట్టే ఉంది కదా" అన్నాడు కేదార్.

"కుదిరీదేనండి. గానీ అది ఆపద సెయ్యండి."

"అంటే?"

"ఆడింట్లో సావో రోగమో ఉందండి. అలాంటోడికి ఏళ్ల కొసలు సల్లబడిపోతాయి. బొటనేలు లోపలికి ముడుసుకుపోతాది. ఎంతంటే అంతకి ఒప్పేసుకుంటాడండి. అందుకే ఆ సెయ్యి తగిల్తే బేరం ఆడకూడదు. ఒగ్గెయ్యాలి. లేపోతే కొనీవోడికి సెప్పి నాయమైన రేటు ఇప్పించాలి. మా తాత కాణ్ణించీ అదే కట్టుబాటు."

"ఎంతంటే అంతకా?" అని మాత్రం అడిగాడు కేదార్.

"అవునండి, పాపం."

ఆ కట్టుబాటును నేను యంత్రంలో కూడా పెట్టాను. ఆపద చెయ్యి తగిలితే బేరం ఆపు, కొనేవాడికి న్యాయమైన ధర చూపించు. ఆ వరుస రాసిన సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి చెబితే, "మంచి పని సేసేవే" అని మురిసిపోయాడు.

'తుండు బేరం' అని పేరు పెట్టి దాన్ని వదిలారు. తెర మీద మా నాన్న బొమ్మ, భుజాన తుండు, మెలేసిన మీసం. కింద 'నూకరాజు మధ్యన ఉన్నట్టే' అని రాశారు. అమ్మేవాళ్లకు మాత్రం, మీరు నిజమైన మనిషేనని కొనేవారికి నమ్మకం కుదరడానికి లైటు మీద వేలు పెట్టండి అని చెప్పారు. వేలు ఏం చెబుతుందో చెప్పలేదు. అది తప్పని నాకప్పుడే తెలుసు. జీతం పెరిగింది, ఊరుకున్నాను.

మా మేనత్త చిట్టెమ్మ కొడుకు సన్యాసికి ఒక ట్రక్ ఆటో ఉండేది. కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాను, ఏది దొరికితే అది వేసేవాడు. బండి పక్కన ఆపి హైవే దాటుతుంటే లారీ తగిలి కాలు విరిగింది. రాడ్డు వేసిన చోట చీము పట్టింది. విశాఖపట్నంలో డాక్టర్లు, మూడు రోజుల్లో మళ్లీ ఆపరేషన్ చేస్తే కాలు దక్కుతుంది, ముందు లక్షన్నర కట్టండి అన్నారు. అత్త మమ్మల్ని అడగలేదు. ఆవిడకు మొహమాటం ఎక్కువ. ఇంట్లో బండి ఉండగా ఒకరి ముందు చెయ్యి చాపడమెందుకు అనుకుంది. మంచం మీద నుంచే సన్యాసి బండి ఫొటోలు మారుబేరంలో పెట్టాడు. లక్షా అరవై వేలు చేసే బండి. ఎనభై అయిదు వేలకు అమ్ముడుపోయింది. మిగతా డబ్బు పోగుచేసేసరికి అయిదో రోజు వచ్చింది. ఆరో రోజు మోకాలి పైదాకా కాలు తీసేశారు.

సంగతి మాకప్పుడు తెలిసింది. ఆస్పత్రికి వెళితే అత్త ఏడవలేదు. నాన్నను పట్టుకుని, "దాని మీద నీ బొమ్మ ఉంది గదా అన్నయ్యా. నువ్వే మధ్యన కూకున్నట్టు అనుకున్నాం. ఆడు ఏలెట్టనంటే నానే తిట్టేను. గట్టిగా ఎట్టరా, మావయ్యే గదా అన్నాను" అంది.

నాన్న ఆ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఇరవై ఆరేళ్ల పిల్లాడు, దుప్పటి కింద ఒక కాలే ఎత్తుగా కనబడుతోంది.

మర్నాడు ఆఫీసుకెళ్లి ఆ బేరం తీసి చూశాను. సన్యాసి వేలిని యంత్రం సరిగ్గానే పట్టుకుంది. ఆపద చెయ్యి అని గుర్తించింది. కానీ నేను 'ఆపు' అని రాసిన చోట 'ఇంకా తగ్గించు' అని ఉంది. కొన్నదెవరా అని చూస్తే, వేరే పేరు తగిలించుకున్న మా కంపెనీయే. ఆపదలో ఉన్నవాళ్ల సామాను ఏరికోరి కొని, పై ధరకు అమ్ముకోవడానికి కేదార్ ఒక చిన్న గది, నలుగురు మనుషులు, ఇరవై దొంగపేర్లు పెట్టాడు. సన్యాసి బండిని తొమ్మిది రోజుల్లో రాజమండ్రిలో లక్షా యాభై అయిదు వేలకు అమ్మేశారు.

కేదార్ గదికి వెళ్లి అడిగాను. అతను దాచలేదు. "నేనేం మోసం చేశాను కుమారీ? మెడ మీద కత్తి పెట్టానా? వద్దంటే మానేసేవాడు కదా. ఆయనే సరే అన్నాడు" అన్నాడు. నా ముఖం చూసి కాస్త తగ్గి, "మీవాడని తెలిస్తే ఇంకో పది ఇప్పించేవాణ్ణి. చెప్పాల్సింది" అన్నాడు.

ఇంకో పది. ఆ మాటకు వాణ్ణి అక్కడే చెప్పుతో కొట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను కొట్టలేదు, రాజీనామా కూడా ఇవ్వలేదు. పాముకు పాలు పోసే దానిలా రోజూ తొమ్మిదింటికి వెళ్లి పనిచేశాను. ఒకటే ఆలోచన. వీడు కూడా ఒకరోజు ఏదో ఒకటి అమ్ముకోవాలి, ఆ రోజు వీడి వేలు నా చేతికి చిక్కాలి. అన్నం ముందు కూర్చున్నా అదే, బస్సులో నిలబడ్డా అదే.

నాన్న తన బొమ్మ తీసేయమన్నాడు. కాగితం మీద వేలిముద్ర వేశారు కాబట్టి మూడేళ్లదాకా కుదరదన్నారు. సన్యాసి సంగతి సంతంతా పాకింది. ఆ తర్వాతి వారం ఆయన సంతకు వెళితే ఎవ్వరూ వేలు అందించలేదు. తిట్టనూ లేదు. ఈయన కూర్చుంటే తుండు దులిపి భుజాన వేసుకుని ఇంకో బేరగాడి దగ్గరకు వెళ్లిపోయారట. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పి, "ఆల్ల తప్పు లేదులే" అన్నాడు. అప్పటినుంచి సంతరోజు ఇంట్లోనే ఉంటున్నాడు.

ఏడాదిలోపే నా రోజు వచ్చింది. కొత్త ఫోను వచ్చినప్పుడల్లా దాని మీద యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో మేమే వేలు పెట్టి చూసుకుంటాం. అలా ఒక మధ్యాహ్నం కేదార్ నవ్వుతూ, మాట్లాడుతూ తన వేలు ఆనించి వెళ్లిపోయాడు. తెర మీద గీత చూశాను. ఆపద చెయ్యి. అంత స్పష్టమైన గీతను సన్యాసిది చూశాక మళ్లీ అదే చూడడం.

అతని డ్రైవర్‌ను కదిలిస్తే తెలిసింది. కేదార్ భార్యకు కాలేయం పాడైంది. మార్చాలి. హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రి, నెలరోజుల గడువు. అతని ఇల్లు, కారు, అన్నీ కంపెనీ కోసం బ్యాంకులో ఉన్నాయి. అందుకే కంపెనీని హడావిడిగా బెంగళూరు వాళ్లకు అమ్మేస్తున్నాడు. ఒకడు వాడిన కంపెనీ ఇంకొకడు కొంటే అదీ పాత సామానే.

బెంగళూరు నుంచి సుచరిత అనే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. లెక్కలన్నీ చూశాక ఆఖరి ధర దగ్గర ఇద్దరూ బిగుసుకున్నారు. నేను కేదార్ దగ్గరకు వెళ్లి, "సార్, మన తుండు బేరం మన కంపెనీ మీదే ఆడితే? నిజం తుండు, నిజం వేళ్లు. పేపర్లో ఫొటో పడుతుంది" అన్నాను. ప్రచారమంటే చెవి కోసుకునే మనిషి, ఎగిరి గంతేశాడు. సుచరిత దగ్గరకు వెళ్లి, "మేడమ్, మీ తరఫున మా నాన్నను కూర్చోబెట్టుకోండి. ఈ యంత్రానికి నేర్పింది ఆయనే" అన్నాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి సరే అంది. అది విని కేదార్, "నూకరాజుగారా? మనవాడే కదా!" అని నవ్వాడు. బొమ్మ వాడుకుంటున్నందుకు నెలనెలా ఎంతో కొంత పడేస్తున్నాడు కాబట్టి నాన్న తన మనిషే అనుకున్నాడు. వేలు పట్టుకున్న బేరగాడికి ఎవరి ఉప్పూ గుర్తుండదని వాడికి తెలియదు.

నాన్న మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "ఆడింట్లో ఏటైనా ఆపదుందేటే?" అని అడిగాడు.

"కోట్లున్నోడికి ఆపదేంటి నాన్నా? లేదు" అన్నాను.

"సరిగ్గా కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను. ఏమీ లేదు."

ఆయన, "అయితే వత్తాను. సన్యాసిగాడి కోసం వత్తాను" అన్నాడు. కొత్త తుండు కొన్నాడు.

ఉదయం పదకొండింటికి మీటింగ్ గదిలో కూర్చున్నారు. ఫొటోలు తీసేవాళ్లు తీసుకుని వెళ్లిపోయారు. సుచరిత, ఆవిడ ప్లీడరు, నేను పక్కన కూర్చున్నాం. నాన్న, "కోట్లండి" అని పైకి చెప్పి, కేదార్ చెయ్యి అందుకుని తుండు కప్పాడు.

కంపెనీ తొమ్మిది చేస్తుందని నాకు తెలుసు, సుచరితకూ తెలుసు. బ్యాంకుకూ, భాగస్వాములకూ పోవలసింది ఆరు. ఆరు దాటితేనే కేదార్‌కు ఏమైనా మిగిలేది. ఆరు లోపు తెగితే, కాగితం రాసుకోగానే చేతిలో పెట్టే సంచకారం ఒక్కటే అతనికి దక్కుతుంది. బయానా అంటారు కదా, అది. ఆస్పత్రిలో చేర్చుకోవడానికి ఆ డబ్బు చాలు. ఆపరేషన్‌కు చాలదు. ఈ లెక్కంతా నేను వారం క్రితమే వేసి పెట్టుకున్నాను.

తుండు కదిలింది. ఒకసారి ఆగింది. నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తర్వాత ఆయన వేళ్లు వదిలేస్తాడు, తుండు దులుపుతాడు, లేచిపోతాడు. అత్త, సన్యాసి, దుప్పటి కింద లేని కాలు, ఇంకో పది ఇప్పించేవాణ్ణి అన్న ఆ గొంతు, అన్నీ ఆయన కట్టుబాటు కింద పడి చచ్చిపోతాయి. వీడు నవ్వుకుంటూ ఇంకొకరికి తొమ్మిదికి అమ్ముకుంటాడు.

నాన్న తల తిప్పి నా వైపు చూశాడు. అడుగుతున్నాడు. నేను గోడ మీద ఏసీ వైపు చూపించి, చలికి ముడుచుకున్నట్టు భుజాలు దగ్గరకు తీసుకున్నాను. తర్వాత తల ఊపాను. కానీ అని.

నలభై ఏళ్లలో ఆ వేళ్లు చెప్పింది ఆయన ఎప్పుడూ కాదనలేదు. ఆ రోజు వేళ్లను కాదని కూతుర్ని నమ్మాడు.

తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. కేదార్ నవ్వు మొదట పోయింది. పెదాలు ఎండిపోయాయి. ఒకసారి చెయ్యి లాక్కోబోయాడు, నాన్న లాక్కోనివ్వలేదు. కోపంగా పట్టుకోలేదు, ఓపిగ్గా పట్టుకున్నాడు. దూడ బెదిరినప్పుడు అలాగే పట్టుకుంటాడు. కేదార్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. వాడి గొంతు దగ్గర నరం కొట్టుకోవడం చూస్తూ కూర్చున్నాను. నాకు హాయిగా ఉంది. ఏడాదిగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి పక్కకు వెళ్లినట్టు ఉంది.

చివరికి నాన్న తుండు తీశాడు. ఆయన కేదార్ చేతిని మొత్తం పట్టుకుని ఉన్నాడు. ఐదు.

"ఒప్పుకున్నారండీ?" అన్నాడు నాన్న, మూడుసార్లు అడగాలి కాబట్టి మూడుసార్లు.

"ఒప్పుకున్నాను. డబ్బు ఇవాళే కావాలి" అన్నాడు కేదార్. ఆ గొంతు వాడిదిలా లేదు.

సంతకాలయ్యాయి. మేం వరండాలోకి వచ్చేసరికి కేదార్ మెట్ల దగ్గర గోడకు ఆనుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. "డబ్బు వస్తోందండీ. ముందు ఆవిణ్ణి చేర్చుకోండి. మిగతాది ఎలాగో తెస్తాను. దయచేసి డేట్ మాత్రం మార్చకండి" అంటున్నాడు. నాన్న అక్కడే ఆగిపోయాడు. నేను మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆఫీసు ఎదురుగా హోటల్లో కూర్చుని రెండు భోజనాలు చెప్పాను. నాన్న తుండును బల్ల మీద పెట్టాడు.

"ఏసీ సల్లదనం కాదే అది" అన్నాడు.

నేను ఆయన గ్లాసులో నీళ్లు పోశాను.

"నీకు తెలుసేటి?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"నెల."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే ఏమనాలో నా దగ్గర చాలా ఉంది. సన్యాసి పేరు ఉంది, అత్త ఉంది, సంతలో ఆయనకు అందని వేళ్లున్నాయి. అరవలేదు.

"ఎవరికి బాగోలేదు?"

"వాళ్లావిడకు."

"ఏటి పేరు?"

"నీరజ."

"నువ్వెరుగుదువా ఆవిణ్ణి?"

"ఆఫీసుకు వస్తుండేది. శనివారాలు మా అందరికీ కారియర్ పంపేది."

"తిన్నావా ఆవిడ సేతి కూడు?"

"తిన్నాను."

నాన్న తల ఊపాడు. "ఆడు మన సన్యాసిగాడి కాలు తీసేసేడు. ఆడు మడిసి కాడు. నిజమే. గానీ సన్యాసి ఎవుడో ఆడికి తెల్దు. మొకం సూళ్లేదు, పేరు తెల్దు. నీకు పేరు తెలుసు. కూడు తిన్నావు. తెలిసి నా సేత సేయించేవు."

"వాడు చేసింది మర్చిపోయావా నాన్నా?" నా గొంతు పైకి లేచింది. పక్క బల్లవాళ్లు చూశారు. "మన ఇంటి పిల్లాణ్ణి కుంటివాణ్ణి చేశాడు. నీ బొమ్మ పెట్టి చేశాడు. నిన్ను నీ సంతలో వెలివేయించాడు. వాడికి ఇలాగే కావాలి. నేనేం బాధపడను."

"బాధపడమని నానడగలేదు." ఆయన లేచి నిలబడ్డాడు. "హైదరాబాద్ ఆస్పత్రి పేరు సెప్పు."

"ఎందుకు?"

"సెప్పవే."

చెప్పాను.

"తుని ఇల్లు అమ్మితే ఎంతొత్తాది?"

"నాన్నా!"

"కాలికి బదులు సన్యాసిగాడికి ఇయ్యాల్సిన ఇల్లది. ఆణ్ణే అడుగుతాను. ఆడు ఆ నీరజకి ఇవ్వమంటే ఇత్తాను, ఒద్దంటే ఆడికే ఇత్తాను. నిన్నడగను."

రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. నేను కుర్చీ వెనక్కి జరిపి లేవబోయాను.

"నువ్వు రాకు" అన్నాడు.

ఆయన ఎండలో రోడ్డు దాటి, ఆటో ఎక్కకుండా, బస్టాండు వైపు నడిచి వెళ్లడం కిటికీలోంచి కనబడింది. తుండు బల్ల మీదే వదిలేశాడు. కావాలనే వదిలేశాడని నాకు తెలుసు.

రెండు భోజనాలు వచ్చాయి. కుర్రాడు రెండో విస్తరి ఎవరికని అడిగితే అక్కడే పెట్టమన్నాను. ముద్దపప్పులో నెయ్యి వేడిగా ఉంది. కేదార్ మీద నాకు అప్పుడూ జాలి లేదు, ఇప్పుడూ లేదు. నీరజ గురించి ఆలోచించకుండా ఉండడానికి ప్రయత్నించాను. పెద్దగా కష్టపడాల్సిన అవసరం లేకపోయింది. ఆకలిగా ఉంది. తిన్నాను.